బావ నెత్తురికి ఐసు

ముందే చెప్పేస్తున్నాను, నేను రాసేదాంట్లో సగం తీసేసి చదువుకోండి. మిగిలిన సగంలో కూడా ఉప్పూ కారం కాస్త ఎక్కువే ఉంటాయి. ఇందులో నా తప్పేమీ లేదు, తప్పంతా మా తీరానిది. మా వైపు వలలో పడ్డప్పుడు అరచేతంత ఉన్న పండుగప్ప ఒడ్డుకు చేరేసరికి మోచేతంత అవుతుంది, టీ కొట్టు దాకా వచ్చేసరికి దాన్ని మోయటానికి ఇద్దరు మనుషులు కావలసి వస్తుంది. అలాంటి చోట పుట్టి పెరిగినవాడు ఉన్నది ఉన్నట్టు చెబితే ఇంట్లోవాళ్లు జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు. కాబట్టి పెంచుతాను. కానీ పెంచటానికీ కల్పించటానికీ తేడా ఉంది. ఉన్నదాన్ని సాగదీయటం నా అలవాటు, లేనిదాన్ని తెచ్చి పెట్టటం మాత్రం అరుదు. ఇందులో అది ఒక్కచోటే చేశాను. ఎక్కడో చివర చెప్తాను.

మా అక్క మొగుడికి గూడూరు అవతల కోట అనే ఊరి దగ్గర ఉప్పుటేరు పక్కన రెండు రొయ్యల గుంటలున్నాయి. మనిషి పుట్టి బుద్ధెరిగాక బీడీ ముట్టలేదు. ముట్టకపోవటమొక్కటే అయితే చెప్పుకోనక్కరలేదు. ఎవరైనా గూడూరులో అగ్గిపుల్ల గీస్తే ఈయన కోటలో కండువా ముక్కుకు అడ్డం పెట్టుకునే రకం. పండగ పూట అక్క అగరొత్తులు వెలిగిస్తే దేవుడికి దండం వీధిలోంచే పెట్టేవాడు. దేవుడు కూడా అర్థం చేసుకుని అక్కడికే ఆశీర్వాదం విసిరేవాడు. అలాంటి మనిషికి దగ్గు పట్టుకుంది.

ఆ దగ్గు గురించి రెండు ముక్కలు చెప్పాలి. గుంటల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నప్పుడు వాటి చప్పుడుకు పక్కన మనిషి మాట వినపడదు. బావ దగ్గితే ఏరియేటర్లు వినపడేవి కావు. రొయ్యల కోసం కాచుకుని ఉండే కొంగలు ఆ దగ్గుకు బెదిరి పులికాట్ వైపు వలస పోయాయి. కొంగలను తోలే పని తప్పిందని అక్క మొదట్లో కాస్త సంతోషించిన మాట కూడా వాస్తవం. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు మా కిటికీ తలుపులు అదురుతాయి. ఎదురింటాయన బావ దగ్గు విని మేడెక్కి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని ఆకాశంలో పొగ కోసం వెతికేవాడు.

ఊళ్లో తలా ఒక కారణం చెప్పారు. గుంటల్లో చల్లే బ్లీచింగ్ పొడి అన్నారు కొందరు. తెల్లారుజామున కట్ట మీద తిరిగితే పట్టే మంచు అన్నారు కొందరు. అక్క అయితే, పక్క గుంట వాళ్లతో నీళ్ల కోసం అరిచి అరిచి గొంతు చెడగొట్టుకున్నాడని తేల్చేసింది. కోటలో ఎర్ర సిరప్ తాగాడు. గూడూరులో పచ్చ సిరప్ తాగాడు. రంగులు అయిపోయాక నెల్లూరు పోతే అక్కడ ఎక్స్‌రే తీశారు, ఆపైన స్కానింగ్ తీశారు, ఊపిరితిత్తిలో గడ్డ ఉంది చెన్నై పొమ్మన్నారు.

చెన్నైలో వీపు వైపు నుంచి సూది గుచ్చి గడ్డలోంచి చిన్న ముక్క తీశారు. బావ వర్ణన ప్రకారం ఆ సూది చెన్నైలో మొదలై తడ దగ్గర ముగిసింది. పెంచటంలో నేను ఆయన ముందు బచ్చాగాణ్ని.

అక్కడి డాక్టరమ్మ ప్రతి మాటా తమిళంలో మొదలుపెట్టి తెలుగులో దించేది, సూళ్లూరుపేట లోకల్ రైలు లాగా. మధ్యలో ఎక్కడ సరిహద్దు దాటిందో మనకు తెలిసేది కాదు. కానీ ఆరోజు చెప్పిన మాట మొదటి నుంచి చివరిదాకా తెలుగులోనే చెప్పింది. అది ఊపిరితిత్తి క్యాన్సర్. పొగ తాగనివాళ్లకు కూడా వచ్చే రకం. ఎముకలోకి కొంచెం పాకింది, కాబట్టి కోసి తీసేస్తే పోయేది కాదు.

అక్క చేతిలోని మంచినీళ్ల సీసా మూత తిప్పటం ఆపింది. బావ గోడ మీది ఊపిరితిత్తుల బొమ్మ వైపు చూస్తూ కూర్చున్నాడు, అది వేరెవరివో అన్నట్టు.

"ఇంకో సంగతి కూడా ఉందండి," అంది డాక్టరమ్మ. "పొగ అలవాటు లేనివాళ్లలో కొందరికి, ఆ గడ్డలోని ఒక జన్యువు చెడి ఉంటుంది. స్విచ్ వేసి వదిలేసినట్టు అదే గడ్డను పెంచుతూ పోతుంది. ఏ జన్యువో తెలిస్తే, దానికి సరిపోయే బిళ్ల ఉంటే, కీమో బాటిళ్లు ఎక్కించే పని లేకుండా ఇంట్లో కూర్చుని బిళ్ల మింగొచ్చు. తెలియకపోయినా, బిళ్ల లేని రకమైనా, బాటిళ్లే."

"అయితే చూడండి ఏ జన్యువో," అన్నాను నేను.

"తీసిన ముక్క చాలా చిన్నది. జబ్బు పేరు తేల్చటానికే అయిపోయింది. మళ్లీ సూది వెయ్యాలి. లేకపోతే గడ్డ తాలూకు తునకలు కొన్ని నెత్తుట్లో తిరుగుతుంటాయి, వాటిని పట్టుకుని..."

"నెత్తురు," అన్నాడు బావ. ఆమె మాట పూర్తి కానివ్వలేదు. తడ దాకా వెళ్లిన సూది ఆయన కళ్ల ముందే ఉంది.

అక్క మాత్రం అడగవలసింది అడిగింది. "ఎన్నాళ్లు ఆగొచ్చమ్మా?"

"కొన్ని మందులు ముందే ఎక్కించేస్తే తర్వాత బిళ్ల మొదలుపెట్టటంలో చిక్కులొస్తాయి. అందుకని ఆగుదాం. కొన్ని వారాలు. ఆయాసం పెరిగితే మాత్రం నేను ఆగను."

తిరుగు ప్రయాణంలో కారు తడ దాటాక బావ నోరు విప్పాడు. "అంటే పీసీఆర్ అన్నమాట."

బయటివాళ్లకు చెప్పాలి. రొయ్యల రైతు గుంటలో పిల్లలు వదిలే ముందు కొన్నింటిని ల్యాబుకు పంపిస్తాడు. వాళ్లు వాటిని నూరి, జబ్బు తాలూకు జన్యువు ఉందో లేదో చూసి చెప్తారు. మా మండలంలో అక్షరం ముక్క రానివాడికి కూడా పీసీఆర్ అంటే తెలుసు.

"రొయ్యకు చేసేదే నాకూ చేస్తారు," అన్నాడు బావ. "నన్ను నూరకుండా ఉంటే చాలు."

నెత్తురు తీసే ఆయన ఒకరోజు మధ్యాహ్నం నెల్లూరు నుంచి మోటారు సైకిల్ మీద వచ్చాడు. కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని కళ్లజోడు కోసమే వెతుక్కునే మనిషి. రెండు గాజు గొట్టాల నిండా నెత్తురు తీసి, స్పాంజి పరిచిన చిన్న అట్టపెట్టెలో పెట్టి మూశాడు. సాయంత్రం హైదరాబాదు ల్యాబుకు పంపే కొరియర్ ఆయన వస్తాడు, ఇచ్చేయండి, పెట్టెను తెరవొద్దు, అని చెప్పి ఇంకో ఊరికి పోయాడు.

ఆయన బండి మలుపు తిరిగిందో లేదో బావ పెట్టె తెరిచాడు.

"ఇందులో ఐసేదిరా?"

మా తీరంలో ఐసంటే మర్యాద. ఊరు దాటి పోయేది ఏదైనా ఐసులోనే పోవాలి. రొయ్య ఐసులో పోతుంది, చేప ఐసులో పోతుంది, పీత కూడా దానికి ఇష్టం లేకపోయినా ఐసులోనే పోతుంది. పెద్దలెవరైనా పోయి, చుట్టాలు దూరం నుంచి రావలసి ఉంటే వాళ్లకూ ఐసు పెట్టె తప్పదు. ఐసు లేకుండా సరుకు పంపినవాడికి మా దగ్గర పిల్లనివ్వరు. అలాంటిది, నడి ఎండాకాలంలో, నా బావ నెత్తురు వట్టి స్పాంజి మీద పడుకుని హైదరాబాదు పోతుందంటే మాకు తల కొట్టేసినట్టయింది.

పక్కింట్లో చేపలక్క ఉంటుంది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, ఊళ్లో అందరికీ ఆమె చేపలక్కే. గంపలో చేపలు సర్దటంలో ఆమెను మించినవాళ్లు మద్రాసు నుంచి విశాఖ దాకా లేరు. పెట్టె చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏందబ్బయా ఇది?"

"నా నెత్తురక్కా."

"యాడికి పోవాల?"

"హైదరాబాదు."

"ఈ ఎండలోనా? కానాగంత చేపలు పంపినా కింద ఒక వరస, పైన ఒక వరస ఐసు యేస్తాం. మనిషి నెత్తురు కానాగంతలకంటే లోకువైపోయిందా మీకు?"

ఇక ఆగేవాళ్లెవరు. ఐసు ఫ్యాక్టరీ నుంచి పెద్ద ఐసు దిమ్మ, మా మాటలో బార, ఒకటి వచ్చింది. దాన్ని గోతాంలో వేసి కొట్టారు. చేపలక్క తన దగ్గరున్న వాటిలో కొత్త థర్మాకోల్ పెట్టె, అంటే అంతకుముందు వంజరం మాత్రమే పోయిన పెట్టె, తెచ్చింది. అడుగున ఊక, ఊక మీద ఐసు, ఐసు మీద అట్టపెట్టె, దాని మూత తీసి లోపల కూడా ఐసు, మళ్లీ పైన ఐసు. ఎదురింటాయన రాకెట్ కోసం వెతకటం మానుకుని మేడ దిగి వచ్చి, గుప్పెడు రాళ్లుప్పు చల్లాడు.

"ఉప్పు యేస్తే ఇంకా సల్లబడతాది," అన్నాడు. "ఐస్‌క్రీం బండోళ్లు అట్టనే చేస్తారు."

నేను చదువుకున్నవాణ్ని కాబట్టి టేపు చుట్టే పని నాకు అప్పగించారు. అట్టపెట్టె మీద ఇంగ్లీషులో ఎర్రగా ఏదో రాసి ఉంది. ఎర్రగా రాశారంటే ముఖ్యమైనదే అయి ఉంటుందని, ఐసుకు తడిసి చెరిగిపోకుండా దాని మీద రెండు చుట్లు ఎక్కువ వేశాను.

సాయంత్రం కొరియర్ ఆయన వచ్చాడు. ఈ చుట్టుపక్కల గుంటలన్నిటి నుంచి శాంపిళ్లు ఎత్తుకుపోయే మనిషే. పెట్టెను ఒకసారి ఎత్తి చూసి దించాడు.

"రొయ్యలా అన్నా?"

"కాదబ్బా. నేనే," అన్నాడు బావ.

ఆయన పెట్టెను భుజానికెత్తుకుంటూ, "మీరు శానా బరువుండారన్నా," అని మాత్రం అన్నాడు. బండి వెళ్లిన దారి పొడుగునా నీటి చుక్కలు పడ్డాయి. ఆ తడికి రోడ్డు పక్కన గడ్డి మొలిచిందని తర్వాత ఎవరో చెప్పారు. ఎవరో కాదులెండి, నేనే.

కొన్నాళ్లకు ల్యాబు నుంచి ఫోనొచ్చింది. బావ స్పీకరు పెట్టాడు. వసారా నిండా జనం. చేపలక్క గంప దించి మరీ కూర్చుంది. ఫోనులో ఒక అమ్మాయి, గొంతులో చక్కెర పాకం పోసుకున్నట్టు మాట్లాడింది.

"సార్, మీ శాంపిల్ అందిందండి. గడ్డకట్టి అందింది."

బావ మా అందరి వైపు గర్వంగా చూశాడు. "చూసినారా, హైదరాబాదు దాకా కరగలా."

చేపలక్క చీర కొంగు సర్దుకుంది. ఆమెకది సన్మానం.

"సార్, ఐసు ఎవరు పెట్టారండి?"

ఆ ప్రశ్నలో ఏదో తేడా కనిపించింది. వసారాలో ఉన్నవాళ్లంతా, చేపలక్కతో సహా, నా వైపు చూశారు. చదువుకున్నవాడి ఉపయోగం ఇలాంటప్పుడే.

ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఆ గొట్టాల్లో ముందే మందు ఉంటుందట. మామూలు గది వేడిలోనే నెత్తురు చెడకుండా ఉంటుందట. ఐసులో పెడితే, అందులోనూ గడ్డకడితే, నెత్తుట్లోని తెల్ల కణాలు పగిలిపోయి వాటి జన్యువులన్నీ బయటికొచ్చేస్తాయి. గడ్డ తాలూకు తునకలు అసలే కొంచెం. తిరనాళ్లలో తప్పిపోయిన ఒక్క మనిషిని వెతుకుతుంటే, ఇంకో నాలుగు ఊళ్ల జనాన్ని లారీల్లో తెచ్చి దించినట్టు అయిందన్నమాట. ఆ చివరి ముక్క ఆమె అనలేదు, నేను అంటున్నాను. ఆమె అన్నది, "చదవలేకపోయాం సార్, ఇంకోసారి నెత్తురివ్వాలి. పెట్టె మీద ఎర్ర అక్షరాల్లో రాసే ఉంటుందండి, చల్లబరచవద్దని."

నేను ఆ సమయంలో ఏదో పనుందని పెరట్లోకి వెళ్లాను.

బావ మళ్లీ నెత్తురివ్వనన్నాడు.

దీనికి ఆయన చెప్పిన కారణం మా గుంటల న్యాయం ప్రకారం తిరుగులేనిది. రెండోసారి శాంపిల్ అడిగే ల్యాబును రొయ్యల రైతు నమ్మడు. మొదటిసారి సరుకు పోగొట్టుకుని ఉంటారు, లేకపోతే మిషను చెడి ఉంటుంది, లేకపోతే పక్క గుంటవాడి దగ్గర కాఫీ తాగి ఉంటారు. "సరుకు బాగలేదంటారా? ఐసులో పెట్టి పంపిన సరుకు బాగలేదన్న ల్యాబును నేనింతవరకూ చూళ్లా," అన్నాడు. అక్క అడిగితే అదే మాట. నేను అడిగితే అదే మాట, దాని వెనక నా చదువు మీద ఇంకో నాలుగు మాటలు. చుట్టాల్లో ఒకాయన పొడుం పొట్లాం తెచ్చిచ్చాడు, తేనెలో కలుపుకోమని. ఇంకొకాయన ఈ నెత్తురు గోలంతా ఎందుకు, వెంటనే బాటిళ్లు ఎక్కించేయమన్నాడు. డాక్టరమ్మ ఫోను చేసి, వచ్చే వారం దాకా చూస్తాను, ఆపైన వేరే దారి లేదు, అంది.

ఆ వారం నేను అక్కడే ఉన్నాను. పొద్దున చెక్ ట్రేలో రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడటానికి బావ కట్ట మీదికి వెళ్తే వెనకాలే వెళ్లాను. ఎప్పుడూ గుంటను ఒక చుట్టు చుట్టివచ్చే మనిషి. ఈసారి సగం దూరంలో కూర్చుండిపోయాడు.

"ఏంది బావా?"

"నీళ్ల రంగు చూస్తుండా."

"లేచి నిలబడి చూడొచ్చు గదా."

"కూచుంటే రంగు బాగా తెలస్తాది," అన్నాడు. రెండు మాటలకు మధ్య ఊపిరి తీసుకుని అన్నాడు. నేనూ పక్కన కూర్చుని నీళ్ల రంగు చూశాను. నాకేమీ తెలియలేదు.

ఆ సాయంత్రం వసారాలో మామూలు సభ జరుగుతోంది. ఎదురింటాయన ల్యాబుల మోసాల మీద ఉపన్యాసం ఇస్తున్నాడు. చేపలక్క వింటూ తల ఊపుతోంది. అక్క చింతపండు గింజలు తీస్తూ, తలెత్తకుండా అడిగింది.

"ఏమయ్యా, సీడు తెచ్చేటప్పుడు ఐసులో పూడ్చి తెస్తావా?"

సీడంటే గుంటలో వదిలే రొయ్య పిల్లలు. వెంట్రుకంత ఉంటాయి.

"ఎవుడన్నా తెస్తాడా? సస్తాయి," అన్నాడు బావ.

"మరెట్టా తెస్తావు?"

"నీళ్లు పోసి, కవర్లో గాలి పట్టి. నీకు తెలవదా?"

"పట్టుబడి చేసినాక?" అంది. పట్టుబడంటే పెరిగిన రొయ్యలను గుంటలోంచి పట్టేయటం.

"ఐసులో."

"ఎందుకట్టా?"

"ఎందుకేంది, సచ్చినాక కదా..." అని ఆగిపోయాడు.

అక్క చింతపండు మీంచి చెయ్యి తీసింది. "నీ నెత్తురు సీడా, పట్టుబడి సరుకా? సచ్చినదాన్ని పంపినట్టు పంపించి, బతుకు సంగతి చెప్పలేదని ఆ పిల్ల మీద అరుస్తుండావు."

వసారా గొల్లుమంది. చేపలక్క నవ్వీ నవ్వీ నోట్లో వక్కాకు ముద్ద మింగేసింది. ఎదురింటాయన మంచం మీంచి కింద పడి, లేవకుండా అక్కడే దొర్లుతూ నవ్వాడు. నవ్వుకు ఏటి అవతలి గట్టు మీద కుక్కలు మొరిగాయి. బావ కూడా నవ్వి, నవ్వు దగ్గులోకి తిరిగి, కళ్లు తుడుచుకుని, "సరే, పిలవండి ఆయన్ని," అన్నాడు.

రెండోసారి నెత్తురు పొద్దున్నే తీశారు. ఈసారి కొరియర్‌ను నమ్మలేదు. నెల్లూరులో శాంపిళ్లు తీసుకునే చోటికి పెట్టెను నేనే చేర్చాలి. బావ బస్టాండు దాకా వచ్చి జాగ్రత్తలు చెప్పాడు. సీడు లారీ డ్రైవరుకు చెప్పే జాగ్రత్తలు అవి. ఎండ తగలనివ్వొద్దు. ఇంజను పక్కన కూర్చోవద్దు. కుదుపులు తగలకూడదు. ఏసీ గాలి కింద అసలే కూర్చోవద్దు. ఐసు అనే మాట తలుచుకోవద్దు కూడా.

గూడూరులో ఎక్కిన నెల్లూరు బస్సు ఏసీది. నా నెత్తి మీద గాలి సరిగ్గా హిమాలయాల నుంచి వస్తున్నట్టుంది. పెట్టెను చొక్కా లోపల పెట్టుకున్నాను. చొక్కా చాలక తువ్వాలు కప్పాను. పక్క సీట్లోని పెద్దావిడ చాలాసేపు చూసింది.

"ఏం నాయనా, బిడ్డ తల్లేదీ?"

"బిడ్డ కాదవ్వా. మా బావ నెత్తురు." ఆమె బెదరకుండా చెప్పాలని మొత్తం చెప్పాను. జబ్బు, జన్యువు, బిళ్ల, ఐసు, అన్నీ.

ఆమె నాకంటే గొప్ప మనిషి. లేచి, డ్రైవరు వీపు మీద తట్టింది. "అబ్బయా, నిదానంగా పోనీ. ఈడ ఒక మనిషి నెత్తురు పోతుండాది." ఆ తర్వాత బస్సు ప్రతి స్పీడు బ్రేకరు ముందూ ఆగి, దానికి నమస్కారం పెట్టి, దాటింది. వెంకటాచలం టోల్‌గేటు దగ్గరికి వచ్చేసరికి వెనక సీటు దాకా మా బావ జబ్బు తెలిసిపోయింది. ఒకాయన పొడుం పేరు చెప్పాడు. ఒకావిడ మొక్కుకుంది. కండక్టరు ఏసీ ఆపేశాడు. దానికి ఉక్కపోసి కొందరు తిట్టుకున్నారు, కానీ నన్ను కాదు, బావను. ఆయన అక్కడ లేడు కాబట్టి నేనేమీ అనుకోలేదు.

పెట్టె తీసుకున్న అమ్మాయి దాని మీద చెయ్యి వేసి, "వెచ్చగా ఉందేంటండీ?" అంది.

"నా వేడే," అన్నాను. "ఇప్పుడే దించుకున్నాను."

ఆ తర్వాత ఎదురుచూడటం తప్ప పని లేదు. పనిలేనప్పుడు బావ మరీ దుర్మార్గుడు. నా మీద, అక్క మీద, రొయ్యల మీద అరిచాడు. ఊపిరి చాలక సగంలో ఆపేసిన తిట్లు కొన్ని ఇంకా ఆయన దగ్గర బాకీ ఉన్నాయి.

ఫోను నాకు వచ్చింది. డాక్టరమ్మ తమిళంలో మొదలుపెట్టి, తెలుగులోకి వచ్చి, మళ్లీ తమిళంలోకి పోయింది. ఆమెక్కూడా సంతోషంగా ఉన్నట్టుంది. జన్యువు దొరికింది. రెండు జన్యువులు తెగి, ఒకదాని ముక్క ఇంకోదానికి తప్పుగా అతుక్కుంది. చాలా అరుదైన రకం. దానికి బిళ్ల ఉంది.

బావకు చెప్పాను. గుంటల భాషలోనే చెప్పాను, పక్క గుంట కట్ట తెగి మన గుంటలో కలిసినట్టు అని. అంతా విన్నాడు. తర్వాత అడిగాడు.

"అరుదైందా?"

"శానా అరుదంట."

"మన మండలంలో ఇంకెవరికన్నా ఉందా?"

"నాకు తెలిసి లేదు."

ఆ రోజు నుంచి ఆయన్ను పట్టలేకపోయాం. పరామర్శకు వచ్చినవాళ్లకు, "మామూలు రకం కాదబ్బా మనది," అని మొదలుపెట్టేవాడు. ఎదురింటాయన తన బీపీ సంగతి ఎత్తితే, "అది అందరికీ ఉండేదేలే," అని తీసిపారేసేవాడు.

బిళ్లల ధర గురించి రాయను. రాస్తే పెంచానంటారు. ఈ మొత్తంలో నేను పెంచాలన్నా పెంచలేకపోయింది అదొక్కటే.

బిళ్ల మొదలైన కొత్తలో ఆయన కళ్లకు చిత్రాలు కనపడేవి. చీకట్లోంచి వెలుగులోకి వస్తే ప్రతి దీపానికీ తోక మొలిచేది. డాక్టరమ్మను అడిగితే ఆ మందుకు అది మామూలే, కొన్నాళ్లకు తగ్గుతుంది, అంది. తగ్గేలోపు, సందెవేళ అక్క ట్యూబ్‌లైట్ వేసినప్పుడల్లా శ్రీహరికోట నుంచి ఇంకొకటి లేచిందని మాకు వార్త చెప్పేవాడు. ఆయన లెక్కన ఆ నెలలో మన దేశం ప్రయోగించిన రాకెట్లకు ఆకాశంలో చోటు చాలదు. నోటి రుచి కూడా మారింది. అక్క వండిన చేపల పులుసు తిని, ఇనప మేకులు నమిలినట్టుంది అన్నాడు. పెళ్లయిన నాటి నుంచి ఆ మాట అనటానికి కారణం కోసం వెతుకుతున్నాడని, ఇప్పటికి మందు సాయం దొరికిందని అక్క అంది.

దగ్గు ఎప్పుడు తగ్గిందో మాకు తెలియదు. మోగేది వినపడుతుంది గానీ, ఆగింది వినపడదు కదా. ఒకరోజు కట్ట మీద నిలబడి పక్క గుంటాయనతో నీళ్ల కోసం తగువాడుతుంటే, ఏటి ఇవతలి నుంచి అవతలికి, మధ్యలో ఆగకుండా ఒక పెద్ద తిట్టు మొత్తం తిట్టాడు. అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, గుమ్మంలో నిలబడి, చివరి అక్షరం దాకా విన్నది.

తర్వాత తీసిన స్కానింగులో గడ్డ సగానికి పైగా చిక్కిపోయింది. పూర్తిగా పోయిందని డాక్టరమ్మ అనలేదు, నేనూ అనను. ఇది అణిగి ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు ఈ బిళ్లను తప్పించుకోవటం నేర్చుకోవచ్చు, అప్పుడు మళ్లీ నెత్తురు చూసి ఇంకో మందు వెతుక్కోవాలి, అంది. "చూడండి," అన్నాడు బావ. ఆ ఒక్క మాటే అన్నాడు.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పాలి. ఐసు కాదు. ఐసు నిజం, ఊక నిజం, గుప్పెడు రాళ్లుప్పు కూడా నిజం. కావాలంటే ఆ ఎదురింటాయన ఇప్పటికీ ఆ మాటెత్తితే మేడెక్కేస్తాడు. బస్సులో పెద్దావిడ నిజం, స్పీడు బ్రేకర్లకు నమస్కారాలు మాత్రం కాస్త సాగదీశాను.

కల్పించింది వసారాలో నవ్వు. అక్క ఆ మాట అన్నప్పుడు ఎవరూ నవ్వలేదు. "సచ్చినాక కదా" దగ్గర బావ ఆగిపోయేసరికి చేపలక్క తల దించుకుంది. ఎదురింటాయన లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అక్క చింతపండు పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. వసారాలో మేమిద్దరమే మిగిలాం.

"ల్యాబోళ్లను నమ్మక కాదురా," అన్నాడు బావ, నా వైపు చూడకుండా. "చూసినాక, నాదానికి బిళ్ల లేదంటే ఎట్టా? ఇప్పుడైతే ఉండొచ్చు అనన్నా అనుకుంటుండా."

 ఫోను తీసి నెత్తురు తీసే ఆయన నంబరు వెతికాను. అటువైపు మోగుతుండగా చూస్తే, రేపు వచ్చే మనిషి కోసం బావ అప్పుడే చొక్కా చెయ్యి పైకి మడుచుకుని కూర్చున్నాడు.